పురాతన కట్టడాల పరిసరాల్లోని ఇళ్ళు: వెలుపలి మార్పులకు అనుమతి పొందే విధానం

(పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం)

హైదరాబాదులోని చార్మినార్, గోల్కొండ, వరంగల్ కోట, హనుమకొండ వేయిస్తంభాల గుడి, అలంపురం ఆలయాలు, ఆంధ్రప్రదేశ్‌లోని లేపాక్షి, అమరావతి మొదలైన చారిత్రక ప్రదేశాల చుట్టూ జనావాసాలు ఉన్నాయి. గోల్కొండ, వరంగల్ కోటల ప్రాకారాల లోపలే ప్రజలు తరతరాలుగా కాపురముంటున్నారు. ఈ ఇళ్ళకు కూడా కాలక్రమంలో గోడలు పగులుతాయి, మిద్దెలు కురుస్తాయి, దూలాలు పుచ్చిపోతాయి. అటువంటప్పుడు ఇంటి యజమాని ఏ పని చేసుకోవచ్చును, దేనికి ఎవరి అనుమతి అవసరం, ఆ అనుమతి ఎన్నాళ్ళలో రావలసి ఉంటుంది అనే విషయాలపై ప్రజలలో అనేక అపోహలు నెలకొని ఉన్నాయి.

"కట్టడానికి దగ్గరలో ఉంటే ఇటుక కూడా కదపరాదు" అన్నది ఒక అపోహ. "నా స్థలంలో నా ఇల్లు, మునిసిపాలిటీ అనుమతి ఉంటే చాలు" అన్నది రెండవది. ఈ రెండూ సరికావు. మొదటిదాన్ని నమ్మినవారు మరమ్మతు చేయించక ఇంటిని శిథిలం కానిస్తున్నారు. రెండవదాన్ని నమ్మినవారు శిక్షార్హమైన నిర్మాణాలకు పాల్పడుతున్నారు. చట్టం కొత్త నిర్మాణాన్ని, ఉన్న ఇంటి మరమ్మతును వేర్వేరుగా చూస్తున్నది. నిషిద్ధ ప్రాంతంలో సైతం పాత ఇంటి మరమ్మతుకు మార్గం తెరిచి ఉంచింది. అయితే పూర్తిగా కూలిపోయిన ఇంటిని తిరిగి కట్టుకునేందుకు అదే మార్గం అక్కడ లభించదు. కనుక సకాలంలో దరఖాస్తు చేసుకోవడం అన్నిటికంటే ముఖ్యం.

వర్తించే చట్టం

జాతీయ ప్రాధాన్యం గలవిగా ప్రకటించిన కట్టడాలకు 1958 నాటి ప్రాచీన స్మారక కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం వర్తిస్తుంది. దేశవ్యాప్తంగా ఇటువంటి కట్టడాలు, స్థలాలు 3,600కు పైగా ఉన్నాయి. వీటి సంరక్షణ బాధ్యత భారత పురావస్తు సర్వేక్షణ సంస్థది, అనగా ఏఎస్ఐది.

1992 జూన్ 16న కేంద్ర ప్రభుత్వం జారీచేసిన ప్రకటన ద్వారా రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు గల ప్రాంతాన్ని నిషిద్ధ ప్రాంతంగాను, ఆపై మరి 200 మీటర్ల వరకు గల ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగాను గుర్తించారు. తదుపరి కాలంలో ఒక నిపుణుల సలహా సంఘం సిఫారసుపై నిషిద్ధ ప్రాంతంలోనూ కొన్ని నిర్మాణాలకు అనుమతులు ఇస్తూ వచ్చారు. ఆ సంఘానికి చట్టబద్ధమైన ప్రాతిపదిక లేదని 2009 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. దరిమిలా 2010 జనవరిలో ఆర్డినెన్సు, అనంతరం అదే సంవత్సరంలో సవరణ చట్టం వెలువడ్డాయి. 100 మీటర్లు, 200 మీటర్ల పరిధులు ఈ సవరణతో ప్రధాన చట్టంలోని 20-ఎ, 20-బి సెక్షన్లుగా చేరాయి. జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ, అనగా ఎన్ఎంఏ, ఈ సవరణ చట్టం కిందనే ఏర్పడింది.

దూరాన్ని ఎక్కడి నుండి కొలవాలి?

క్షేత్రస్థాయిలో అధికంగా వివాదాలకు దారితీసే అంశం ఇది. 100 మీటర్ల దూరాన్ని కంటికి కనిపించే గోపురం నుండో, మినారు నుండో కొలవరు. రక్షిత కట్టడం లేదా రక్షిత ప్రదేశం యొక్క సరిహద్దు నుండి అన్ని దిక్కులకూ కొలుస్తారు. గుడి చుట్టూ ఉన్న ఖాళీ ఆవరణ కూడా రక్షిత ప్రదేశంలో భాగమై ఉంటే, ఆ ఆవరణ అంచు నుండే లెక్క మొదలవుతుంది. దీని ప్రకారం:

- రక్షిత సరిహద్దు నుండి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం.
- నిషిద్ధ ప్రాంతపు అంచు నుండి మరి 200 మీటర్ల వరకు, అనగా రక్షిత సరిహద్దు నుండి మొత్తం 300 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం.
- కట్టడం ప్రాధాన్యాన్ని బట్టి ఈ పరిధులను ఇంకా విస్తరించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉన్నది.
- రక్షిత ప్రదేశం లోపలనే ఉన్న భూములకు 19వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడ యజమాని అయినప్పటికీ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా భవనం నిర్మించరాదు.

పత్రికలలో "300 మీటర్ల నిషేధం" అని వ్రాయడం పరిపాటి అయింది. ఇది సరైన ప్రయోగం కాదు. నిషేధం 100 మీటర్ల వరకే. ఆపై 200 మీటర్లలో ఉన్నది అనుమతికి లోబడిన నియంత్రణ మాత్రమే.

మూడు పదాలు, మూడు ఫలితాలు

చట్టంలోని 2వ సెక్షన్ గృహ యజమానికి సంబంధించిన మూడు పదాలను విడివిడిగా నిర్వచించింది. దరఖాస్తు భవితవ్యం ఆ పని ఏ నిర్వచనం కిందికి వస్తుందనే దానిపైనే ఆధారపడి ఉంటుంది.

1. నిర్మాణం: కొత్తగా ఇల్లు కట్టడంతోపాటు, ఉన్న ఇంటిని నిలువుగా గాని అడ్డంగా గాని పెంచడం కూడా నిర్మాణమే. పైఅంతస్తు వేయడం, పెరటివైపు గది కలపడం, వీధివైపు వసారా ముందుకు జరపడం వంటివి ఈ కోవలోనివి.

2. పునర్నిర్మాణం: పూర్వం ఉన్న కట్టడాన్ని అవే అడ్డు కొలతలు, అదే ఎత్తుతో తిరిగి లేపడం. పాత ఇంటిని నేలమట్టం చేసి అదే పునాది మీద అంతే ఎత్తున కట్టినా అది పునర్నిర్మాణమే అవుతుంది గాని మరమ్మతు కాదు.

3. మరమ్మతు, నవీకరణ: ఇదివరకే ఉన్న కట్టడంలో చేసే మార్పులు. పైరెండు తరగతుల కిందికి వచ్చే పనులు ఇందులోకి రావు. పుచ్చిన దూలం మార్చడం, కురుస్తున్న మిద్దెను అదే ఎత్తులో సరిచేయడం, గోడల పూత, తలుపులు, కిటికీలు మార్చడం ఇందుకు ఉదాహరణలు.

మురుగు కాలువలు, ప్రజా మరుగుదొడ్లు, ప్రజలకు నీటి సరఫరా, విద్యుత్ సరఫరా వంటి సదుపాయాల పనులను "నిర్మాణం" అనే నిర్వచనం నుండి చట్టం మినహాయించింది. కాబట్టి స్మారక కట్టడం పేరు చెప్పి వీధి కాలువ బాగుచేయకపోవడానికి ఈ నిర్వచనం ఆధారం కాజాలదు.

నిషిద్ధ ప్రాంతంలోని పాత ఇళ్ళు

నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణాలకు అనుమతి లేదు. 2010 సవరణ తర్వాత ప్రజోపయోగ పనుల పేరిట కూడా అక్కడ అనుమతి ఇవ్వరాదని 20-ఎ సెక్షన్ స్పష్టం చేస్తున్నది. ఈ నిబంధనను సడలించేందుకు ఉద్దేశించిన బిల్లును 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదించింది. అది కేంద్ర ప్రభుత్వ ప్రజాప్రయోజన పనులకు సంబంధించినది, ప్రైవేటు గృహాలకు కాదు. పైగా ఆ బిల్లు చట్టరూపం దాల్చలేదు. "చట్టం మారింది, ఇప్పుడు కట్టుకోవచ్చు" అని దళారులు చెప్పే మాటలను ప్రజలు నమ్మరాదు.

అయితే 20-సి సెక్షన్‌లోని మొదటి ఉపవిభాగం రెండు రకాల ఇళ్ళ యజమానులకు మరమ్మతు, నవీకరణ నిమిత్తం దరఖాస్తు చేసుకునే హక్కు కల్పించింది:

- 1992 జూన్ 16కు పూర్వమే ఉన్న ఇల్లు లేదా కట్టడం;
- ఆ తేదీ తర్వాత ఏఎస్ఐ డైరెక్టర్ జనరల్ ఆమోదంతో నిర్మించిన ఇల్లు లేదా కట్టడం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. నిషిద్ధ ప్రాంతానికి సంబంధించిన ఈ ఉపవిభాగంలో మరమ్మతు, నవీకరణ అనే మాటలే ఉన్నాయి. పునర్నిర్మాణం అనే మాట లేదు. నియంత్రిత ప్రాంతానికి సంబంధించిన రెండవ ఉపవిభాగంలో మాత్రం నిర్మాణం, పునర్నిర్మాణం, మరమ్మతు, నవీకరణ అన్నీ ఉన్నాయి.

ఈ తేడా ఫలితం తీవ్రమైనది. కోటగోడకు 60 మీటర్ల దూరంలో 1950 ప్రాంతంలో కట్టిన పెంకుటిల్లు ఒకటి ఉన్నదనుకుందాం. దాని వాసాలు పుచ్చిన దశలో యజమాని దరఖాస్తు చేసుకుంటే అది మరమ్మతు అవుతుంది. అనుమతి వచ్చేనా రాదా అని రెండు మూడు వానాకాలాలు వాయిదా వేసి, చివరకు గోడలతో సహా ఇల్లు కూలిపోయిన తర్వాత వస్తే, ఆయన కోరేది పునర్నిర్మాణం అవుతుంది. నిషిద్ధ ప్రాంతంలో దానికి చట్టం దారి చూపడం లేదు. స్థలం ఆయనదే, ఇంటి స్థలంగా పన్ను కట్టేదీ ఆయనే, అయినా అక్కడ ఇల్లు లేపుకునే అవకాశం పోతుంది. కనుక ఇంటిని నిలబెట్టుకోవాలంటే అది నిలబడి ఉండగానే దరఖాస్తు చేసుకోవలెను. ఈ విషయాన్ని రక్షిత కట్టడాల పరిసర గ్రామాలలో, బస్తీలలో విస్తృతంగా తెలియజేయవలసిన అవసరం ఉన్నది.

దరఖాస్తు దశలు, గడువులు

దరఖాస్తును కాంపిటెంట్ అథారిటీగా వ్యవహరించే సమర్థ అధికారికి సమర్పించాలి. కేంద్ర లేదా రాష్ట్ర ప్రభుత్వ పురావస్తు విభాగంలో డైరెక్టర్ లేదా కమిషనర్ హోదాకు తగ్గని అధికారిని, లేదా తత్సమాన హోదా గల అధికారిని కేంద్ర ప్రభుత్వం ప్రకటన ద్వారా ఈ బాధ్యతకు నియమిస్తుంది. కట్టడం వద్ద విధి నిర్వహణలో ఉన్న సిబ్బందికి గాని, మునిసిపల్ సిబ్బందికి గాని ఈ అనుమతి ఇచ్చే అధికారం లేదు. వారి మౌఖిక అంగీకారానికి చట్టంలో విలువ లేదు.

20-డి సెక్షన్ ప్రకారం పరిశీలన ఈ క్రమంలో సాగుతుంది:

- దరఖాస్తు అందిన 15 రోజులలోగా సమర్థ అధికారి దానిని ఎన్ఎంఏకు పంపాలి.
- ఎన్ఎంఏ తనకు అందిన నాటి నుండి 2 నెలలలోగా ఆ పని వలన కట్టడంపై పడే ప్రభావాన్ని పరిశీలించి సిఫారసు తెలపాలి.
- సిఫారసు అందిన నెల రోజులలోగా సమర్థ అధికారి దానికి అనుగుణంగా అనుమతి మంజూరు చేయాలి లేదా నిరాకరించాలి. ఎన్ఎంఏ సిఫారసే అంతిమం.
- నిరాకరించే పక్షంలో దరఖాస్తుదారునికి తన వాదన వినిపించుకునే అవకాశం ఇచ్చి, లిఖితపూర్వకమైన ఉత్తర్వు జారీచేయాలి.
- అనుమతి ఇచ్చిన తర్వాత పని జరుగుతుండగా దాని వలన కట్టడం భద్రతకు గాని, అక్కడికి చేరే మార్గానికి గాని గణనీయమైన హాని కలుగుతుందని తేలితే, ఎన్ఎంఏ సిఫారసుపై అనుమతిని ఉపసంహరించవచ్చు.

ఈ గడువులన్నీ కలిపితే సుమారు మూడున్నర నెలలు. తెలుగు రాష్ట్రాలలో నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్‌లో ప్రవేశిస్తాయి. మిద్దె, పైకప్పు పనులు అంతకుముందే ముగియాలంటే మే నెలలో అర్జీ పెట్టుకోవడం వలన ప్రయోజనం ఉండదు. సంక్రాంతి దాటగానే, అనగా జనవరి నెలాఖరులోగా దరఖాస్తు సమర్పిస్తే అనుమతి వచ్చేసరికి వేసవి పని దినాలు మిగిలి ఉంటాయి.

జతపరచవలసిన ఆధారాలు

దరఖాస్తులు తిరిగి రావడానికి ప్రధాన కారణం అసంపూర్ణ పత్రాలు. కింది ఆధారాలను ముందుగా సమకూర్చుకోవడం మంచిది.

- యాజమాన్య పత్రాలు. వారసత్వంగా సంక్రమించిన ఇల్లు అయితే వారసులందరి సమ్మతి.
- రక్షిత సరిహద్దు నుండి ఇంటికి గల దూరాన్ని చూపే స్థలపటం.
- ఇంటి ప్రస్తుత స్థితిని నలువైపుల నుండి చూపే ఛాయాచిత్రాలు. దెబ్బతిన్న భాగాల ఛాయాచిత్రాలు ప్రత్యేకంగా ఉండాలి.
- ప్రస్తుత నక్షా, ప్రతిపాదిత నక్షా. వీధివైపు కనిపించే రూపం, ఎత్తు రెండింటిలోనూ స్పష్టంగా చూపాలి. మెట్లగది, పిట్టగోడ, నీళ్ళ ట్యాంకు కలుపుకొని మొత్తం ఎత్తు పేర్కొనాలి.
- నిషిద్ధ ప్రాంతంలోని ఇల్లు అయితే 1992 జూన్ 16కు పూర్వమే ఉన్నదని తెలిపే రుజువులు. పాత ఇంటి పన్ను రసీదులు, పాత విద్యుత్ బిల్లులు, పూర్వపు రిజిస్టరు దస్తావేజులు, పాత మునిసిపల్ అనుమతి పత్రం వంటివి ఇందుకు ఉపయోగపడతాయి.

చాలా ఇళ్ళలో చివరి అంశమే సమస్యగా మారుతున్నది. మూడు దశాబ్దాల నాటి పన్ను రసీదులను దాచుకున్నవారు తక్కువ. అటువంటివారు పురపాలక సంఘం లేదా గ్రామ పంచాయతీ పన్నుల రిజిస్టరు నుండి ధ్రువీకృత నకలు పొందవచ్చు. సంబంధిత అధికారులు ఈ నకళ్ళను జాప్యం లేకుండా ఇవ్వడం ఎంతో అవసరం. ఒక నకలు ఆలస్యమైతే ఒక వానాకాలం ఇల్లు తడిసినట్లే.

వెలుపలి రూపంలో పరిశీలించే అంశాలు

ప్రతి రక్షిత కట్టడానికీ విడిగా వారసత్వ ఉప నిబంధనలను రూపొందించాలని 20-ఇ సెక్షన్ నిర్దేశిస్తున్నది. ఇన్‌టాక్ అని ప్రసిద్ధమైన భారత జాతీయ కళా సాంస్కృతిక వారసత్వ ట్రస్టును గాని, ప్రకటించిన ఇతర నిపుణ సంస్థలను గాని సంప్రదించి సమర్థ అధికారి వీటిని తయారుచేస్తారు. భవనాల ఎత్తు, వీధి ముఖభాగం, మురుగునీటి వ్యవస్థ, రహదారులు, విద్యుత్ స్తంభాలు, నీటి గొట్టాలు వంటి అంశాలు వీటిలో ఉంటాయి. ఈ నిబంధనలను పార్లమెంటు ఉభయసభల ముందుంచాలి. ప్రజలకు వెబ్‌సైట్‌లో అందుబాటులో ఉంచాలి.

దీనినిబట్టి ఇంటి లోపలి సౌకర్యం కంటె, వీధిలో నిలబడి కట్టడాన్ని చూసేవారికి ఆ ఇల్లు ఎలా కనిపిస్తుందనేదే ప్రధానమని గ్రహించవచ్చు. హైదరాబాదులోని పత్తర్‌గట్టీ ఇందుకు మంచి ఉదాహరణ. 1908 నాటి మూసీ వరదల అనంతరం 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి మండలి చార్మినార్‌కు దారితీసే ఈ వీధిని రాతి కమానులతో, ఏకరీతి ముఖభాగాలతో తీర్చిదిద్దింది. ఇటువంటి వరుసలో ఒక దుకాణదారు తన వాటా కమానును పలకలతో మూసివేసినా, పెద్ద నామఫలకం బిగించినా, రాతికి రంగు పూసినా చెడేది ఆ ఒక్క దుకాణపు రూపం కాదు, వీధి మొత్తం రూపం.

సంరక్షణ నిపుణులు సాధారణంగా సూచించే విషయాలు ఇవి:

- వీధివైపు తలుపులు, కిటికీల కొలతలను, వరుసను మార్చకుండా ఉంచడం. పాత చెక్క పనికిరానప్పుడు అదే తీరున కొత్త చెక్కతో చేయించడం.
- ఏసీ యంత్రాలు, నీటి ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు కట్టడంవైపు కనబడకుండా అమర్చడం.
- అరుగులు, వసారాలు, చెక్క స్తంభాలు, పిట్టగోడల అలంకరణలను తొలగించకుండా బాగుచేయించడం.
- సున్నంతో కట్టిన గోడలకు సున్నపు పూతనే వాడడం.

చివరి సూచనకు శాస్త్రీయమైన కారణం ఉన్నది. డంగుసున్నంతో కట్టిన పాత గోడ నేలలోని చెమ్మను పీల్చుకొని తిరిగి గాలిలోకి వదులుతుంది. దానిపై సిమెంటు పూత వేస్తే ఆ చెమ్మ బయటకు రాలేక గోడలోనే నిలిచిపోతుంది. లవణాలు పేరుకొని ఇటుక, రాయి పొడిగా రాలతాయి, కొంతకాలానికి పూత పెచ్చులుగా ఊడిపోతుంది. గట్టిదనం కోసం వేసిన సిమెంటే గోడను బలహీనపరుస్తుంది. సున్నపు పని తెలిసిన మేస్త్రీలను వెతికి పెట్టుకోవడం యజమానికి శ్రమే అయినా, ఇంటి ఆయుష్షు దృష్ట్యా అది లాభదాయకం.

మునిసిపల్ అనుమతితో సంబంధం

ఎన్ఎంఏ సిఫారసుపై లభించే అనుమతి స్థానిక సంస్థ ఇచ్చే భవన నిర్మాణ అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. అదేవిధంగా స్థానిక సంస్థ అనుమతి దీనికి ప్రత్యామ్నాయం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012 ఏప్రిల్‌లో జి.ఓ. ఎం.ఎస్. నం. 168 ద్వారా జారీచేసిన భవన నిర్మాణ నియమాలలోనే రక్షిత కట్టడాల సమీపంలోని స్థలాలకు పరిమితులు, ముందస్తు అనుమతి ఆవశ్యకత పొందుపరచబడి ఉన్నాయి.

తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం చిన్న స్థలాలలోని గృహాలకు స్వీయ ధ్రువీకరణ పద్ధతిని ప్రవేశపెట్టింది. పత్రాలు సమర్పించిన వెంటనే అనుమతి లభించే ఈ సౌలభ్యం వలన కొందరు పొరబడుతున్నారు. స్వీయ ధ్రువీకరణ అంటే నిబంధనలన్నీ పాటిస్తున్నట్లు యజమాని తానే పూచీ పడటం. స్థలం నిషిద్ధ లేదా నియంత్రిత ప్రాంతంలో ఉన్నదనే విషయాన్ని దాచిపెట్టి పొందిన తక్షణ అనుమతి కేంద్ర చట్టం కింద రక్షణ ఇవ్వదు.

హైదరాబాదులోని వారసత్వ భవనాలు

కేంద్ర రక్షిత కట్టడాలు కాకుండా, నగరంలో ఇప్పటికీ నివాసాలుగా, కార్యాలయాలుగా ఉన్న దేవిడీలు, బంగళాలు మరొక వర్గం. దేశంలో తొలిసారిగా ముంబయి నగరంలో 1995లో వారసత్వ నిబంధనలు అమలులోకి వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ, అనగా హుడా, జోనింగు నిబంధనలలో 13వ నిబంధన చేరింది. 1998 మార్చిలో 137 భవనాలతో జాబితా ప్రకటించారు. ఆ జాబితాలోని భవనాన్ని కూల్చాలన్నా, మార్చాలన్నా, వారసత్వ సంరక్షణ సంఘాన్ని సంప్రదించి హుడా ఇచ్చే లిఖితపూర్వక ముందస్తు అనుమతి అవసరమయ్యేది. తదనంతర కాలంలో హుడా స్థానంలో హెచ్ఎండీఏ ఏర్పడింది.

2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఈ 13వ నిబంధనను తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ పరిరక్షణ చట్టం వచ్చింది. శాసనసభా భవనం నిమిత్తం ఎర్రమంజిల్ భవనాన్ని తొలగించాలని 2019 జూన్‌లో మంత్రివర్గం తీసుకున్న నిర్ణయాన్ని అదే సంవత్సరం సెప్టెంబరు 16న రాష్ట్ర హైకోర్టు రద్దుచేసింది. 13వ నిబంధన పోయినంత మాత్రాన జాబితాలోని భవనాలను ఇష్టానుసారం తొలగించవచ్చుననే భావన సరికాదని ఈ తీర్పు తెలియజేస్తున్నది. ప్రభుత్వానికే వర్తించిన ఈ కట్టుబాటు ప్రైవేటు యజమానులకు వర్తించదని అనుకోవడానికి వీలులేదు. జాబితాలో ఉన్న ఇంటి యజమానులు వెలుపలి మార్పులకు పూనుకునే ముందు హెచ్ఎండీఏ, జీహెచ్ఎంసీ, రాష్ట్ర వారసత్వ శాఖల నుండి లిఖితపూర్వకంగా స్పష్టత పొందడం శ్రేయస్కరం.

కుతుబ్‌షాహీ సమాధుల వంటి కట్టడాలు రాష్ట్ర ప్రభుత్వ రక్షణలోనివి. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి కట్టడాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం ఉన్నది. కేంద్ర చట్టంలోని 100, 200 మీటర్ల పరిధులు కేంద్ర రక్షిత కట్టడాలకు ఉద్దేశించినవి. కాబట్టి ఏ ఇంటి విషయంలోనైనా అడగవలసిన మొదటి ప్రశ్న "దగ్గరలోని కట్టడం ఎవరి జాబితాలో ఉన్నది?" అనేదే.

ఉల్లంఘనకు శిక్షలు

- నిషిద్ధ ప్రాంతంలో నిర్మాణం చేపడితే 30-ఎ సెక్షన్ కింద 2 సంవత్సరాల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.
- నియంత్రిత ప్రాంతంలో ముందస్తు అనుమతి లేకుండా, లేదా అనుమతి షరతులకు విరుద్ధంగా నిర్మాణం చేస్తే 30-బి సెక్షన్ కింద అంతే శిక్ష ఉంటుంది.
- ఇటువంటి పనులు తెలిసీ అనుమతించిన కేంద్ర ప్రభుత్వ అధికారులు కూడా 30-సి సెక్షన్ కింద శిక్షార్హులు.



కొన్ని ఉదాహరణలు

చట్టం అన్వయాన్ని సులభంగా గ్రహించడానికి ఊహాజనితమైన నాలుగు సందర్భాలు ఇక్కడ పేర్కొనడమైనది.

మొదటిది: రక్షిత సరిహద్దుకు 40 మీటర్ల దూరంలో 1975లో కట్టిన మిద్దె ఇల్లు. కప్పు కురుస్తున్నది. ఎత్తు పెంచకుండా కప్పు సరిచేయాలని యజమాని కోరిక. ఇది మరమ్మతు. పాత కాలపు రుజువుతో 20-సి కింద దరఖాస్తు చేసుకోవచ్చు.

రెండవది: అదే ఇల్లు. కుమారుని వివాహం కుదిరినందున మేడమీద ఒక గది కావాలి. ఇది నిలువుగా పెంచడం, అనగా నిర్మాణం. నిషిద్ధ ప్రాంతంలో అనుమతి లేదు. గది ఎంత చిన్నదైనా ఇదే సమాధానం.

మూడవది: 180 మీటర్ల దూరంలో ఉన్న శిథిలగృహాన్ని తొలగించి కొత్తగా కట్టుకోవాలి. ఇది నియంత్రిత ప్రాంతం. ఎన్ఎంఏ సిఫారసు చేసే ఎత్తుకు, షరతులకు లోబడి అనుమతి లభించే అవకాశం ఉన్నది.

నాలుగవది: 1998లో ఎవరి అనుమతీ లేకుండా నిషిద్ధ ప్రాంతంలో కట్టిన ఇల్లు. దీనికి మరమ్మతు దరఖాస్తు హక్కు కూడా చట్టంలో లేదు. ఇటువంటి ఇంటిని కొనేవారు ఆ భారాన్ని కూడా కొంటున్నట్లే. పాత కట్టడాల సమీపంలో ఇల్లు కొనేముందు కట్టిన సంవత్సరాన్ని, దూరాన్ని విచారించుకోవలెను.

పాత్రికేయులకు, అధికారులకు సూచనలు

నిర్మాణ వివాదాలపై వార్తలు వ్రాసేటప్పుడు నాలుగు వివరాలు తప్పక పొందుపరచవలసిందిగా పాత్రికేయులను కోరడమైనది: కట్టడం కేంద్ర జాబితాలోనిదా, రాష్ట్ర జాబితాలోనిదా, రక్షిత సరిహద్దు నుండి దూరం ఎంత, పని నిర్మాణమా, పునర్నిర్మాణమా, మరమ్మతా, ఇల్లు 1992 జూన్ 16కు ముందుదా, తర్వాతిదా. ఈ నాలుగూ లేని వార్త పాఠకునికి ఉపయోగపడకపోగా అపోహలను పెంచుతుంది.

రెవెన్యూ, పురపాలక, పంచాయతీరాజ్ అధికారులు తమ పరిధిలోని రక్షిత కట్టడాల సరిహద్దు పటాలను, నిషిద్ధ, నియంత్రిత ప్రాంతాలలోకి వచ్చే ఇంటి నంబర్ల జాబితాను కార్యాలయంలో ప్రదర్శించడం వలన ప్రజలకు మేలు జరుగుతుంది. తన ఇల్లు ఏ పరిధిలో ఉన్నదో తెలియని యజమాని నిబంధనను పాటించగలడని ఆశించడం న్యాయం కాదు.

పూర్వీకులు కట్టిన కోటలు, గుళ్ళు, మినారులు ఎంత విలువైనవో, వాటి నీడన జీవిస్తున్న కుటుంబాల గూడు కూడా అంతే అవసరమైనది. ఈ చట్టంలో రెండింటికీ చోటు ఉన్నది. యజమాని పని మొదలుపెట్టకముందే దరఖాస్తు చేసుకోవడం, అధికారులు గడువులోగా స్పష్టమైన సమాధానం ఇవ్వడం జరిగినప్పుడే ఆ రెండూ నిలబడతాయి.